పాత ఇంటి కంప్యూటర్లు, ఆఫీసు నెట్‌వర్కు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

దాళ్వా కోతలు దగ్గరపడే వేళకు ఆఫీసుల్లో రాతపని పెరుగుతుంది కనుక కాబోలు, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి. ఇంట్లో మూలన పడి ఉన్న కంప్యూటరును తెచ్చి ఆఫీసు నెట్‌వర్కులో కలుపుకోవచ్చునా, కలుపుకుంటే ఎలా అన్నదే ఆ విషయం. మండపేట నుంచి వచ్చిన ఉత్తరంలో ఇబ్బందులన్నీ ఒకేచోట ఉన్నాయి కనుక దానికి వివరంగాను, మిగిలినవాటికి అవసరమైన మేరకును జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మాది రైస్ మిల్లు ఆఫీసు. లెక్కలన్నీ విండోస్ 11 ఉన్న ఒక మెయిన్ కంప్యూటరులో ఉన్నాయి. దాళ్వా ధాన్యం రావడం మొదలయ్యేలోగా కాటా గదిలో ఒకటి, గుమాస్తా బల్ల మీద ఒకటి పెట్టాలని మా యజమానిగారు తమ పిల్లలు చదువుకునే రోజుల్లో వాడిన రెండు కంప్యూటర్లను ఇంటి నుంచి పంపించారు. ఒకదానిలో విండోస్ 7, రెండోదానిలో విండోస్ ఎక్స్‌పీ ఉన్నాయి. మెయిన్ కంప్యూటరులోని షేరింగ్ ఫోల్డరు రెండింటిలోనూ తెరుచుకోవడం లేదు. చూడడానికి వచ్చిన మెకానిక్, మెయిన్ కంప్యూటరులో ఎస్‌ఎంబీ 1 ఆన్ చేసి ఫైర్‌వాల్ తీసేస్తే రెండూ కలుస్తాయని చెప్పాడు. చేయించమంటారా? కాటా గది ఆఫీసుకు సుమారు 70 మీటర్ల దూరంలో, కళ్లానికి అవతల ఉంది. మధ్యలో ఆరుబయట లాన్ కేబులు లాగవచ్చునా?
— మండపేట నుంచి ఒక రైస్ మిల్లు గుమాస్తా

జవాబు: చేయించవద్దు. అలా చేస్తే కంప్యూటర్లు కలిసే మాట నిజమే. అయితే ఏ కంప్యూటరులో ఏ మార్పు జరుగుతోందో ఒకసారి గమనించండి. ఎక్స్‌పీ కంప్యూటరులో ఏమీ మారదు. మీ లెక్కలన్నీ ఉన్న మెయిన్ కంప్యూటరు రక్షణే తగ్గిపోతుంది. ఒక బోదెకు నీరు ఎక్కడం లేదని కాలువ గట్టుకే గండి కొట్టడం లాంటిది ఆ సలహా.

ఎస్‌ఎంబీ అనేది ఒక విండోస్ కంప్యూటరులోని ఫోల్డరును మరో కంప్యూటరు తెరిచేటప్పుడు ఆ రెండూ పాటించే పద్ధతి. దాని మొదటి రూపం 1980ల నాటిది. విండోస్ ఎక్స్‌పీకి తెలిసింది అదొక్కటే. విండోస్ విస్టాతో రెండో రూపం, విండోస్ 8తో మూడో రూపం వచ్చాయి. మొదటి రూపంలోని ఒక లోపాన్ని ఆసరా చేసుకుని 2017 మే నెలలో వన్నాక్రై అనే వైరసు ప్రపంచమంతటా కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళాలు వేసి డబ్బు అడిగింది. బ్రిటన్‌లో ప్రభుత్వ ఆసుపత్రుల పనులు నిలిచిపోయాయి, మన రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డట్టు అప్పట్లో పత్రికల్లో వచ్చింది. దానికి మందు అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే మైక్రోసాఫ్ట్ విడుదల చేసింది. ఆ మందు వేయించుకోని కంప్యూటర్లే ఎక్కువగా దెబ్బతిన్నాయి. నెట్‌వర్కులో ఒక కంప్యూటరుకు సోకితే, ఎవరూ ఏమీ నొక్కకుండానే పక్క కంప్యూటరుకు పాకడం ఆ వైరసు ప్రత్యేకత. అందువల్లనే ఆ సంవత్సరం చివరి నుంచి వచ్చిన విండోస్ కూర్పులలో ఎస్‌ఎంబీ 1 సర్వరు భాగం మామూలుగా ఎక్కదు. తయారుచేసిన సంస్థే తీసి పక్కన పెట్టినదాన్ని మీ మిల్లు లెక్కలున్న కంప్యూటరులో తిరిగి ఆన్ చేయించడానికి ధాన్యం సీజను తొందర చాలిన కారణం కాదు.

ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8తోనే ముగిసింది. కాబట్టి ఆ కంప్యూటరును ఎక్స్‌పీతో ఉన్నదున్నట్టుగా నెట్‌వర్కులో కలపవద్దు. కాటా యంత్రం నుంచి తూకం తీసుకునే పాత ప్రోగ్రాము ఎక్స్‌పీలో తప్ప నడవదంటే మాత్రం దాన్ని కాటా గదిలో ఒంటరిగా, లాన్ వైరు గాని ఇంటర్నెట్టు గాని లేకుండా నడుపుకోండి. ఆ రోజు తూకాల పట్టికను సాయంత్రం పెన్‌డ్రైవులో మెయిన్ కంప్యూటరుకు తెచ్చుకుని, తెరిచే ముందు యాంటీవైరసుతో తనిఖీ చేయండి. ఇందులో శ్రమ ఉన్న మాట నిజమే గాని, నష్టం ఒక రోజు తూకాలకు మించి పోదు.

విండోస్ 7 కంప్యూటరు సంగతి వేరు. దానికి ఎస్‌ఎంబీ రెండో రూపం తెలుసు కనుక ఎస్‌ఎంబీ 1 అవసరమే లేదు. అది తెరుచుకోకపోవడానికి కారణాలు సాధారణంగా చాలా చిన్నవి. వాటిని నేను చూసే వరుసలోనే చెబుతాను. మొదట, విండోస్ 7 కంప్యూటరులో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని కొట్టి ఐపీ చిరునామా, అంటే నెట్‌వర్కులో ఆ కంప్యూటరును గుర్తించే అంకెలు చూడండి. అది 169.254 అంకెలతో మొదలైతే ఆ కంప్యూటరుకు రౌటరు నుంచి చిరునామా అందలేదన్నమాట, కాబట్టి లోపం కేబులు దగ్గరో స్విచ్ దగ్గరో ఉంది. మామూలు చిరునామాయే ఉన్నా, మెయిన్ కంప్యూటరు చిరునామాతో మొదటి మూడు భాగాలు కలవకపోతే, ఇంట్లో ఉన్నప్పుడు ఎవరో చేత్తో పెట్టిన పాత చిరునామా అందులో మిగిలిపోయి ఉంటుంది. ఇల్లు 192.168.0 వరుసలోను, ఆఫీసు 192.168.1 వరుసలోను ఉండడం సర్వసాధారణం. చిరునామాను తనంతట తానే తీసుకునేటట్టు మార్చండి.

తరువాత నెట్‌వర్క్ అనే చోట మెయిన్ కంప్యూటరు బొమ్మ కనబడటం లేదని దిగులు పడవద్దు. బొమ్మ కనబడటానికీ ఫోల్డరు తెరుచుకోవడానికీ సంబంధం తక్కువ. అడ్రసు పట్టీలో వెనక్కి వాలిన గీతలు రెండు (\\) పెట్టి, వాటి పక్కనే మెయిన్ కంప్యూటరు ఐపీ చిరునామా కొట్టండి. పేరూ పాస్‌వర్డూ అడిగితే దారి బాగున్నట్టే. అసలేమీ అడగకపోతే మెయిన్ కంప్యూటరులో ఆ నెట్‌వర్కు పబ్లిక్ అని ఉందేమో చూసి ప్రైవేట్ అని మార్చండి. ఫైర్‌వాల్ తీయనక్కరలేదు. ప్రైవేట్ అని పెట్టి ఫైల్ షేరింగ్‌ను అనుమతిస్తే సరిపోతుంది.

పేరు, పాస్‌వర్డు అడిగిన చోట చాలామంది ఆగిపోతారు. విండోస్ 11లో రోజూ కొట్టే నాలుగంకెల పిన్ ఆ ఒక్క యంత్రానికే చెల్లుతుంది, నెట్‌వర్కు మీద పనికిరాదు. పాస్‌వర్డు లేని యూజరు పేరుతో కూడా దూరం నుంచి లోపలికి రానివ్వకపోవడం విండోస్ మామూలు ఏర్పాటు. అందుచేత మెయిన్ కంప్యూటరులో గుమాస్తాకు ఒకటి, కాటా గదికి ఒకటి చొప్పున సాధారణ యూజర్లను సృష్టించి, వాటికి పాస్‌వర్డులు పెట్టి, ఎవరి ఫోల్డరుకు వారికే అనుమతి ఇవ్వండి. ఎవ్రీవన్‌కు ఫుల్ కంట్రోల్, అంటే అందరికీ అన్ని అనుమతులూ ఇచ్చి వదిలేసే అలవాటు మన ఆఫీసుల్లో ఎక్కువ. ఒక బల్ల మీద జరిగిన పొరపాటుకు మొత్తం లెక్కలు పోయేది అక్కడే.

ఇంతా చేస్తే విండోస్ 7 కలుస్తుంది. కానీ దాని మద్దతు కూడా 2020 జనవరి 14తో ముగిసింది. ఆ వయసు కంప్యూటర్లలో విండోస్ 11కు కావలసిన టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండదు, ప్రాసెసరు కూడా చాలదు. విండోస్ 10 ఎక్కుతుంది గాని దాని సాధారణ మద్దతూ 2025 అక్టోబరు 14న ముగిసింది. అందువల్ల గుమాస్తా బల్ల మీద జరిగే పని ఏమిటో ముందు తేల్చుకోండి. ధాన్యం కొనుగోలు వివరాలను ప్రభుత్వ పోర్టలులో నింపడం, పట్టికలు వేయడం, ఉత్తరాలు రాయడం మాత్రమే అయితే విండోస్‌కు బదులు లైనక్స్ మింట్ ఎక్కించండి. అది ఉచితం, దానికి నవీకరణలు ఇప్పటికీ వస్తాయి, మీ షేరింగ్ ఫోల్డరును ఎస్‌ఎంబీ మూడో రూపంలోనే తెరుస్తుంది. 4 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్కు స్థానంలో ఒక చిన్న ఎస్‌ఎస్‌డీ ఉంటే పోర్టలు పనికి ఏ ఇబ్బందీ ఉండదు. ఆ బల్ల మీద కూడా టాలీ నడవాలంటే మాత్రం లైనక్స్ సరైన దారి కాదు. పైగా టాలీ సిల్వర్ లైసెన్సు ఒక్క యూజరుకే, నెట్‌వర్కులో పలువురు వాడాలంటే గోల్డ్ కావాలి. ఆ ఖర్చు పెట్టేటప్పుడు ఆ బల్లకు విండోస్ 11 నడిచే యంత్రాన్నే, సెకండ్‌హ్యాండుదైనా సరే, కొనడం మేలని నా అభిప్రాయం.

ఏది ఎక్కించినా, ముందు హార్డ్ డిస్కును పూర్తిగా ఫార్మాట్ చేయించండి. ఇంటి కంప్యూటరులో పిల్లలు ఎక్కించిన ఆటలూ, ఎక్కడెక్కడి నుంచో దింపుకున్న సినిమాలూ, క్రాక్ చేసిన ప్రోగ్రాములూ ఉంటాయి, వాటితోపాటు వచ్చినవి ఏమిటో ఎవరూ చెప్పలేరు. అదొక్కటే కాదు. ఆ డిస్కులోనే యజమానిగారి కుటుంబ ఫోటోలు, పిల్లల మార్కుల జాబితాలు, ఆధార్ కార్డు స్కానింగులు ఉండి ఉంటాయి. వాటిని ముందుగా ఒక బయటి డిస్కులోకి తీసి వారింటికి పంపండి. ఆఫీసులో పదిమంది కూర్చునే బల్ల మీద అవి ఉండకూడదు, పొరపాటున పోనూ కూడదు.

ఇక కేబులు సంగతి. లాన్ కేబులు 100 మీటర్ల వరకు పని చేస్తుంది కనుక దూరం వరకు చూస్తే 70 మీటర్లు సమస్య కాదు. కాని మీ కళ్లం ఆరుబయలు. వేసవిలో సాయంత్రాలు పిడుగులు పడే ప్రాంతం మనది. పిడుగు నేరుగా కేబులు మీద పడనక్కరలేదు, చుట్టుపక్కల ఎక్కడ పడినా అంత పొడుగున్న రాగి తీగలో ఒక్కసారిగా వోల్టేజి పుట్టి ఆ చివర కంప్యూటరునూ ఈ చివర స్విచ్‌నూ కాల్చేస్తుంది. రెండు కట్టడాలకు వేర్వేరు ఎర్తింగులు ఉంటే వాటి మధ్య తేడా కూడా ఆ తీగ గుండానే పోవాలని చూస్తుంది. కనుక రెండు కట్టడాల మధ్య రాగి వద్దు, ఫైబర్ వేయించండి. గాజు తీగ కనుక కరెంటు పారదు. కొనేటప్పుడు లోపల బలానికి ఇనుప తీగ లేని రకం అడగండి. రెండు చివర్లా, ఫైబర్‌ను లాన్ కేబులుతో కలిపే మీడియా కన్వర్టరు ఒక్కొక్కటి పెడితే అక్కడి నుంచి మామూలు లాన్ కేబులే. ఇప్పుడు ఊరూరా ఇంటర్నెట్టు ఫైబర్ కనెక్షన్లు ఇస్తున్నారు కనుక, తీగ అతికే మిషను ఉన్న కుర్రవాళ్లు మండపేటలోనే దొరుకుతారు. లారీలు తిరిగే చోట నేల మీద వేయకుండా, పైపులో దించి పూడ్పించండి.

ప్రశ్న: మాది రొయ్యల మేత డీలరు ఆఫీసు, గోడౌను చెరువుల పక్కనే ఉంది. ఇంటి నుంచి తెచ్చిన పాత కంప్యూటరు ఉదయం నెట్‌వర్కులో ఉంటుంది, మధ్యాహ్నానికి పోతుంది. వైరు తీసి పెడితే మళ్లీ వస్తుంది. కంప్యూటరు మార్చాలా?
— ఆకివీడు నుంచి ఒక పాఠకురాలు

జవాబు: మార్చే ముందు వైరు చివర ఉన్న ప్లాస్టిక్ ప్లగ్గును వెలుతురులో పట్టుకుని చూడండి. లోపల వరుసగా ఎనిమిది సన్నని రేకులు ఉంటాయి. అవి పసుపుగా మెరుస్తూ ఉండాలి. ఉప్పుగాలి తగిలే చోట వాటి అంచున పచ్చని చిలుము, లేదా నల్లని పొర కనిపిస్తుంది. తీసి పెట్టినప్పుడు ఆ రాపిడికి పొర కొంచెం తొలగి కాసేపు పని చేస్తుంది, మళ్లీ వదులుతుంది. మీరు చెప్పిన లక్షణం అచ్చంగా అదే. ఆ ప్లగ్గును కోసేసి కొత్తది వేయించండి. కంప్యూటరు వెనుక పోర్టులోని తీగలకు కూడా చిలుము పట్టి ఉంటే యూఎస్‌బీకి తగిలించే లాన్ అడాప్టరు ఒకటి కొనుక్కుంటే చాలు.

కేబులు కూడా చూడండి. చవకగా దొరికే కొన్ని రకాల్లో తీగ మొత్తం రాగి కాదు, అల్యూమినియం మీద పలుచని రాగి పూత. చిన్న కత్తితో ఒక తీగను గీకితే లోపల తెల్లగా కనిపిస్తుంది. అటువంటిది మీ గోడౌను లాంటి చోట ఎక్కువ కాలం నిలవదు. పూర్తి రాగి కేబులే అడిగి కొనండి.

పాత కంప్యూటరు లాన్ కార్డు సెకనుకు 100 మెగాబిట్ల వేగానికే పరిమితమై ఉంటుందని, దానివల్ల ఆఫీసు అంతా మందగిస్తుందని కొందరు భయపెడతారు. స్విచ్ ఒక్కో పోర్టుకు విడివిడిగా వేగం కుదుర్చుకుంటుంది కనుక మిగిలిన కంప్యూటర్లకు దానితో నిమిత్తం లేదు. ఆ వేగంలో కూడా సెకనుకు 11 లేదా 12 మెగాబైట్లు వెళతాయి. బిల్లులకూ లెడ్జర్లకూ అది ఎక్కువే.

ప్రశ్న: మా కొబ్బరి వ్యాపారం ఆఫీసులో కంప్యూటర్లు పెరిగి రౌటరులో పోర్టులు చాలక, ఇంట్లో వాడని పాత వైఫై రౌటరును తెచ్చి తగిలించాం. అప్పటి నుంచి ఏదో ఒక కంప్యూటరుకు ఇంటర్నెట్టు పోతోంది, ప్రింటరు కనబడదు. ఒక్కోరోజు ఒక్కో కంప్యూటరుకు.
— అంబాజీపేట నుంచి ఒక పాఠకుడు

జవాబు: మీ ఆఫీసులో ఇప్పుడు కంప్యూటర్లకు చిరునామాలు పంచిపెట్టేవారు ఇద్దరయ్యారు. ఉదయం కంప్యూటరు ఆన్ చేసినప్పుడు అది చిరునామా అడుగుతుంది. ఆఫీసు రౌటరు ముందు పలికితే అంతా సవ్యం, ఇంటి రౌటరు ముందు పలికితే ఆ కంప్యూటరుకు తప్పు దారి దొరుకుతుంది. రోజుకొకరికి పోతున్నది అందుకే. కంప్యూటర్లలో లోపం వెతకడం దండగ.

ఇంటి రౌటరును ఆఫీసు వైరు నుంచి విడదీసి, ఒక్క కంప్యూటరుకు మాత్రమే కలిపి, దాని సెట్టింగుల్లోకి వెళ్లండి. దాని సొంత చిరునామాను ఆఫీసు వరుసలోనే, ఆఫీసు రౌటరు ఎవరికీ ఇవ్వని అంకెకు మార్చండి. ఆఫీసు రౌటరు 192.168.1.1 అయి, 100 నుంచి పై అంకెలు పంచుతుంటే దీనికి 192.168.1.2 ఇవ్వవచ్చు. తరువాత చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ అన్నదాన్ని ఆఫ్ చేసి సేవ్ చేయండి. ఆఫీసు నుంచి వచ్చే వైరును దాని లాన్ పోర్టుల్లో ఒకదానికి పెట్టండి. వేరే రంగులో విడిగా ఉండే వాన్ పోర్టులో పెడితే దాని వెనుక ఉన్న కంప్యూటర్లు విడి గుంపుగా ఏర్పడి ప్రింటరు మళ్లీ కనబడకుండా పోతుంది. ఒకే వైరు రెండు చివరలూ అదే స్విచ్‌లో పెట్టకుండా చూసుకోండి, ఆఫీసు మొత్తం ఆగిపోతుంది. బల్లల కింద తీగలు చిక్కుపడి ఉన్నచోట ఇది తరచుగా జరిగే పని.

ఇంత తతంగం ఎందుకనిపిస్తే, ఎనిమిది పోర్టుల స్విచ్ ఒకటి కొనండి. దానికి సెట్టింగులే ఉండవు. నా మటుకు నేను మీకు చెప్పేది అదే. పాత రౌటరులో సాఫ్ట్‌వేరు నవీకరణలు ఎప్పుడో ఆగిపోయి ఉంటాయి కూడా.

ప్రశ్న: ఇంటి నుంచి తెచ్చిన పాత ల్యాప్‌టాప్‌లో మా ఆఫీసు వైఫై పేరే కనిపించడం లేదు. ఫోన్లలో చక్కగా కనిపిస్తోంది.
— తణుకు నుంచి ఒక పాఠకుడు

జవాబు: మీ ల్యాప్‌టాప్ 2.4 గిగాహెర్ట్జ్ సంకేతాలను మాత్రమే పట్టేదై, ఆఫీసు రౌటరు ఆ పేరుతో 5 గిగాహెర్ట్జ్‌లోనే ప్రసారం చేస్తూ ఉండాలి. రౌటరులో 2.4 కూడా ఆన్ చేయించండి. పేరు కనిపించి పాస్‌వర్డు దగ్గర ఆగిపోతే మాత్రం రౌటరు భద్రత డబ్ల్యూపీఏ 3 ఒక్కటే అని ఉందేమో చూడండి. డబ్ల్యూపీఏ 2, 3 రెండింటినీ అనుమతించే ఏర్పాటు చాలా రౌటర్లలో ఉంటుంది. అంతకంటే కిందికి, అంటే డబ్ల్యూఈపీకి గాని పాస్‌వర్డు లేని వైఫైకి గాని దిగవద్దు. ఒక్క ల్యాప్‌టాప్ కోసమే అయితే కొత్త యూఎస్‌బీ వైఫై అడాప్టరు పెట్టుకోవడం తేలిక.

ప్రశ్న: పాత కంప్యూటరు నెట్‌వర్కులో కలిసింది, షేరింగ్ ఫోల్డరు తెరుచుకుంటోంది. బ్యాంకు వెబ్‌సైటు, జీఎస్టీ వెబ్‌సైటు మాత్రం భద్రత లేదని చెప్పి తెరుచుకోవు. రోజూ ఉదయం ఇదే వరస.
— రాజోలు నుంచి ఒక పాఠకురాలు

జవాబు: తెర మూలన తేదీ చూడండి. ఎన్నో సంవత్సరాల వెనకటి తేదీ కనిపిస్తే మదర్‌బోర్డు మీద ఉండే బిళ్ల బ్యాటరీ అయిపోయింది. రాత్రి స్విచ్ తీసేయగానే గడియారం మొదటికి వెళ్లిపోతుంది, ఆ తేదీకి వెబ్‌సైట్ల భద్రతా పత్రాలు ఇంకా అమలులోకి రాలేదు కనుక బ్రౌజరు ఒప్పుకోదు. సీఆర్ 2032 అనే 3 వోల్టుల బ్యాటరీ వాచీల దుకాణంలో దొరుకుతుంది. కరెంటు వైరు పూర్తిగా తీసి, పాతది ఏ వైపు పైకి ఉందో చూసుకుని కొత్తది అలాగే పెట్టి, తేదీ సరిచేయండి. తేదీ సరిగ్గా ఉండి కూడా తెరుచుకోకపోతే బ్రౌజరు పాతబడిందన్నమాట. హెచ్చరికను దాటి ముందుకు వెళ్లే మీట నొక్కి బ్యాంకు పని మాత్రం చేయవద్దు, ఆ పని మరో కంప్యూటరులో చేసుకోండి.